ఇరుగుపొరుగు సంఘములు - లెక్క చెప్పు ధర్మము

ఒక పేటవారు సంఘముగాఁ గూడి తమ నీటిని, వెలుతురును, పారిశుద్ధ్యమును దామే విచారించుకొనుట నవీనుల కల్పన యని మనలోఁ గొందఱు తలఁతురు. శాసనములు మఱియొక రీతిఁ జెప్పుచున్నవి.

కాంచీపురమునకు సమీపమందలి ఉత్తరమేరూరులో మొదటి పరాంతక చోళుని కాలపు శాసనములు రెండు గలవు. అవి క్రీ. శ. 919, 921 ప్రాంతములవి. ఆ గ్రామము 30 పేటలుగా నుండెను. ప్రతి పేటలోని యోగ్యుల పేర్లను ఆకులపై వ్రాసి కుండలో వేసి, లోపలి సంగతి యెఱుఁగని బాలునిచేతఁ దీయించెడివారు. ఇట్లెన్నుకొనఁబడిన 30 మందిలోఁ బండ్రెండుగురు సంవత్సరపు పనులను, పండ్రెండుగురు తోఁటలను, ఆఱుగురు చెఱువును విచారించెడివారు. సొంత భూమి, సొంత యిల్లు, 35 మొదలు 70 లోపు వయస్సు, వేదవిద్య అర్హతలు. గడచిన మూఁడేండ్లలోఁ బని చేసినవానికి మరల నవకాశము లేదు. అన్నిటికంటె ముఖ్యమైన నియమ మిది: పూర్వము పని చేసి లెక్క చెప్పనివాఁడే కాక, వాని దగ్గఱి బంధువులును అనర్హులు.

అయినను ఆ సభను గన్నులు మూసికొని పొగడరాదు. అది బ్రాహ్మణ భూస్వాముల సభ. స్త్రీలకును, భూమిలేని వారికిని అందుఁ జోటు లేదు.

పిమ్మట 1860 వ సంవత్సరపు 21 వ చట్టము విద్యా, విజ్ఞాన, ధర్మ కార్యములకై కూడిన సంఘములకు గుర్తింపు మార్గము నేర్పఱచెను. ఏడుగురు చేరి, సంఘము పేరును, ఉద్దేశమును, పాలకవర్గమును దెలుపు పత్రమును నిబంధనలతోఁ గూడ దాఖలు చేయవలెను. సంఘము రద్దయి ఋణములు తీర్పఁగా మిగిలిన యాస్తిని సభ్యులు పంచుకొనరాదు. ఆంధ్రప్రదేశమున 2001 లో వేఱు చట్టము వచ్చినను ఏడుగురి నియమము నిలిచియే యున్నది, తెలంగాణమునను అంతియే. ఆ యేడుగురి కులమును గాని, స్త్రీపురుష భేదమును గాని చట్ట మడుగదు. చోళులనాఁటి గోడ యిచ్చటఁ గూలినది.

కాని గుర్తింపు పత్రము సంఘమునకు జన్మమిచ్చును గాని ప్రాణము నీయదు. చందా వసూలగును, రసీదు కానరాదు. కార్యదర్శి యేండ్ల తరబడి మాఱఁడు. లెక్క యడిగినవాఁడు పగవాఁ డగును. తుదకుఁ జందా యిచ్చువారే యుండరు. సంఘము పేరు పలకమీఁద మాత్రము నిలుచును.

కావున ఏఁటేఁట సర్వసభ్య సమావేశము చేయుఁడు. జమాఖర్చులను బిగ్గరగాఁ జదివింపుఁడు. పదవులను మార్చుచుండుఁడు. కుళాయి కష్టము నిజముగా నెఱిఁగిన గృహిణులను వినువారిగాఁ గాక, నిర్ణయించువారిగాఁ గూర్చుండఁబెట్టుఁడు. లెక్క యడుగుట యనుమానము కాదు. వేయేండ్లకు మున్నే ఱాతిపైఁ జెక్కిన ధర్మము.