పాలస్తీనా పట్ల బ్రిటన్ బాధ్యత

పాలస్తీనా 1917 డిసెంబరు నుంచి 1948 మే దాకా బ్రిటన్ చేతిలో ఉంది. మొదట సైనిక పాలన, 1920 జులై నుంచి పౌర పాలన, 1923 సెప్టెంబరు నుంచి నానాజాతి సమితి ఇచ్చిన మాండేట్ కింద పాలన. ఆ ముప్పై ఏళ్లలో ఇచ్చిన మాటలకూ తెచ్చిన చట్టాలకూ, ఎవరికీ ఏదీ అప్పగించకుండా వెళ్లిపోయిన తీరుకూ బ్రిటన్ పాలస్తీనియన్లకు ఎంతవరకు జవాబుదారీ అన్న వాదం ఆనాడే మొదలై ఈనాటికీ నడుస్తోంది.

మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఒకే ప్రాంతం గురించి పొంతన కుదరని మాటలు ఇచ్చింది. ఈజిప్టులో హైకమిషనరుగా ఉన్న మెక్‌మహాన్ 1915–16లో మక్కా షరీఫ్ హుసేన్‌కు రాసిన ఉత్తరాల్లో అరబ్బుల స్వాతంత్ర్యాన్ని బలపరుస్తామన్నాడు. అందులో పాలస్తీనా ఉందా లేదా అన్నది తర్వాత పెద్ద తగవైంది. 1916లో ఫ్రాన్స్‌తో రహస్యంగా కుదుర్చుకున్న సైక్స్–పికో ఒప్పందంలో అదే నేలను పంచుకుంది. 1917 నవంబరు 2న విదేశాంగ మంత్రి ఆర్థర్ బాల్ఫోర్ లార్డ్ రోత్‌షీల్డ్‌కు పంపిన లేఖ పాలస్తీనాలో యూదు ప్రజలకు ‘జాతీయ నిలయం’ ఏర్పడడాన్ని సమర్థించింది. అప్పటికి అక్కడి జనాభాలో సుమారు పదింట తొమ్మిది పాళ్లు అరబ్బులే. లేఖలో వారికి పేరు లేదు, ‘యూదేతర సమాజాలు’ అని మాత్రమే ఉంది. వారి పౌర హక్కులకు, మత హక్కులకు భంగం రాకూడదన్నారు కానీ రాజకీయ హక్కుల ఊసెత్తలేదు. ప్రభుత్వంలో ఉన్న యూదు మంత్రి, భారత వ్యవహారాలు చూసే ఎడ్విన్ మాంటేగ్ ఈ ప్రకటనను గట్టిగా వ్యతిరేకించాడు. మాంటేగ్–చెమ్స్‌ఫర్డ్ సంస్కరణల్లోని మాంటేగ్ ఇతడే.

ఆ నేలను గెలవడంలో భారతీయ సైనికులకూ భాగం ఉంది. 1918 సెప్టెంబరు 23న హైఫాను పట్టుకున్నది జోధ్‌పూర్, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు లాన్సర్లు కూడా వారున్న బ్రిగేడుకు చెందినవారే. ఢిల్లీ తీన్‌మూర్తి కూడలిలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల దళాలకు గుర్తుగా నిలిపినవి.

బాధ్యత ప్రశ్నకు చట్టపరమైన మూలం నానాజాతి సమితి నిబంధనావళిలోని 22వ అధికరణం. ఒట్టోమన్ పాలన నుంచి బయటపడ్డ సమాజాలు స్వతంత్ర జాతులుగా తాత్కాలిక గుర్తింపుకు అర్హమైనవనీ, సొంత కాళ్లపై నిలబడేదాకా మాండేట్ పొందిన దేశం సలహా, సాయం అందించాలనీ దాని సారాంశం. అంటే బ్రిటన్‌కు దక్కింది సొత్తు కాదు, ధర్మకర్తృత్వం. అదే తరగతికి చెందిన ఇరాక్, సిరియా, లెబనాన్, ట్రాన్స్‌జోర్డాన్‌లు 1932, 1946 మధ్య స్వతంత్ర దేశాలయ్యాయి. పాలస్తీనా ఒక్కటే మిగిలిపోయింది. మాండేట్ పత్రంలోనే బాల్ఫోర్ వాగ్దానాన్ని చేర్చడం వల్ల, అక్కడి మెజారిటీకి స్వయంపాలన ఇస్తే ఆ వాగ్దానం నిలవదన్న చిక్కు మొదటి రోజు నుంచీ ఉంది. 1922 జనాభా లెక్కల్లో 7,57,000 మందిలో యూదులు సుమారు 84,000. అదే ఏడు ప్రతిపాదించిన శాసన మండలికి మాండేట్ షరతులను దాటే అధికారం లేదు. మరుసటి ఏడు దానికి జరిగిన ఎన్నికలను అరబ్బులు బహిష్కరించారు. మాండేట్ ముగిసేదాకా పాలస్తీనాకు ఎన్నికైన శాసనసభ రాలేదు.

హిట్లర్ జర్మనీ నుంచి, తూర్పు ఐరోపా నుంచి ప్రాణభయంతో వచ్చిన యూదుల వలస 1930లలో పెరిగింది. 1936లో అరబ్బులు ఆరు నెలల సార్వత్రిక సమ్మె చేశారు. అది 1939 దాకా సాగిన తిరుగుబాటుగా మారింది. దాన్ని అణచిన తీరు గురించి బ్రిటన్ పాఠ్యపుస్తకాల కంటే పాలస్తీనా పల్లెలకే ఎక్కువ తెలుసు. ఊరంతటికీ జరిమానాలు, ఇళ్ల కూల్చివేత, విచారణ లేని నిర్బంధం, ఆయుధం దొరికితే సైనిక కోర్టులో ఉరిశిక్ష. వందకు పైగా మందిని ఉరితీశారు. 1938లో అల్‌బస్సా, 1939లో హల్‌హుల్ గ్రామాల్లో సైనికులు సామాన్యుల ప్రాణాలు తీశారు. కలకత్తా పోలీసు కమిషనరుగా బెంగాల్ విప్లవకారులను వేటాడిన చార్లెస్ టెగార్ట్‌ను రప్పించి పోలీసు కోటలు కట్టించారు. 1945లో క్రోడీకరించిన అత్యవసర రక్షణ నిబంధనలను యూదు సాయుధ సంస్థలపైనా ప్రయోగించారు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక ఆ నిబంధనలను అట్టే పెట్టుకుంది. వెస్ట్‌బ్యాంక్‌లో ఇళ్లు కూల్చడానికి 1967 తర్వాత వాడిందీ వాటినే. మాండేట్ ముగిసినా దాని పరికరాలు పనిచేస్తూనే ఉన్నాయనడానికి ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

1937లో బ్రిటన్ నియమించిన పీల్ కమిషన్ విభజనను సూచించింది. 1939 శ్వేతపత్రం దాన్ని పక్కనబెట్టి పదేళ్లలో స్వతంత్ర రాజ్యం ఇస్తామంది, యూదుల వలసను అయిదేళ్లకు 75,000కు పరిమితం చేసింది. నాజీల నుంచి పారిపోతున్నవారికి దారి మూసినందుకు యూదులకూ, ఆ రాజ్యం ఎన్నడూ రానందుకు అరబ్బులకూ బ్రిటన్ సమాధానం చెప్పాల్సి ఉంది.

1947 ఫిబ్రవరిలో బ్రిటన్ సమస్యను ఐక్యరాజ్య సమితికి వదిలేసింది. నవంబరు 29న సర్వసభ్య సమావేశం 33–13 ఓట్లతో విభజనను ఆమోదించింది. భారత్ వ్యతిరేకించింది. పాలకురాలైన బ్రిటన్ ఓటే వేయలేదు, తీర్మానం అమలుకూ సహకరించలేదు. డేర్ యాసీన్ గ్రామంలో యూదు సాయుధ సంస్థల హత్యాకాండ 1948 ఏప్రిల్ 9న, హైఫా అరబ్బుల పలాయనం అదే నెలాఖరున, అంటే శాంతిభద్రతల బాధ్యత ఇంకా బ్రిటన్‌దే అయిన రోజుల్లో జరిగాయి. పాలస్తీనియన్లు ‘నక్బా’ (మహావిపత్తు) అని పిలిచే ఈ ఘట్టంలో నిరాశ్రయులైన సుమారు 7 లక్షల మందిలో చాలామంది మాండేట్ ముగిసిన మే 15 లోపే ఇళ్లు వదిలారు. అరబ్ నాయకత్వం విభజనను తిరస్కరించిందనీ, పొరుగు అరబ్ దేశాలు యుద్ధానికి దిగాయనీ బ్రిటన్‌ను సమర్థించేవారు అంటారు. ఆ రెండూ నిజాలే. అయితే మే 15కు ముందు జనానికి రక్షణ ఎందుకు లేదన్నదానికి అవి జవాబు కావు.

తర్వాత ఇజ్రాయెల్‌ను బ్రిటన్ 1949 జనవరిలో వాస్తవ ప్రాతిపదికన, 1950 ఏప్రిల్‌లో చట్టబద్ధంగా గుర్తించింది. అదే సమయంలో వెస్ట్‌బ్యాంక్‌ను జోర్డాన్ కలుపుకోవడాన్నీ అంగీకరించింది. పాలస్తీనియన్లు దౌత్య పత్రాల్లో శరణార్థులుగా మాత్రమే మిగిలారు. 1967 అరబ్–ఇజ్రాయెల్ యుద్ధం తర్వాత, ఆ నవంబరులో భద్రతా మండలి ఆమోదించిన 242వ తీర్మానాన్ని ప్రవేశపెట్టినది బ్రిటన్ ప్రతినిధి లార్డ్ కారడన్, యువకుడిగా మాండేట్ పాలనలో ఉద్యోగం చేసినవాడు. ఆ తీర్మానంలో సైతం పాలస్తీనియన్ల పేరు లేదు. వారి స్వయంనిర్ణయ హక్కును ఐరోపా దేశాలతో కలిసి బ్రిటన్ ఒప్పుకున్నది 1980 వెనిస్ ప్రకటనలో. పాలస్తీనా రాజ్యాన్ని భారత్ 1988లోనే గుర్తించింది. 2012లో ఐక్యరాజ్య సమితిలో పాలస్తీనాకు పరిశీలక రాజ్య హోదా ఇచ్చినప్పుడు బ్రిటన్ మళ్లీ తటస్థంగా ఉండిపోయింది. 2014 అక్టోబరులో గుర్తించాలంటూ కామన్స్ సభ 274–12 ఓట్లతో కోరినా ప్రభుత్వం కదల్లేదు. 2017లో బాల్ఫోర్ శతాబ్ది సందర్భంగా క్షమాపణ చెప్పబోమని ప్రకటించింది.

1967 నుంచి పాలస్తీనా ప్రాంతాలపై ఇజ్రాయెల్ సాగిస్తున్న ఆక్రమణ చట్టవిరుద్ధమని అంతర్జాతీయ న్యాయస్థానం 2024 జులైలో అభిప్రాయం చెప్పింది, దాని కొనసాగింపుకు ఏ దేశమూ సాయపడకూడదంది. ఆ సెప్టెంబరులో బ్రిటన్ సుమారు 350 ఆయుధ ఎగుమతి లైసెన్సుల్లో 30 దాకా నిలిపివేసింది. గాజా యుద్ధం రెండో ఏడాది చివరికి వచ్చాక, 2025 సెప్టెంబరు 21న కెనడా, ఆస్ట్రేలియాలతో పాటు పాలస్తీనా రాజ్యాన్ని గుర్తించింది. దీన్ని ఉపకారమనలేం, 22వ అధికరణం కింద ఏనాడో తీర్చాల్సిన బాకీలో ఒక భాగం. అదే నెలలో వ్యాపారవేత్త మునీబ్ అల్‌మస్రీ తదితర పాలస్తీనియన్లు మాండేట్ కాలపు దురాగతాలను ఒప్పుకుని క్షమాపణ చెప్పాలంటూ బ్రిటన్ ప్రభుత్వానికి వివరమైన వినతిపత్రం ఇచ్చారు. ఇలాంటిదానికి పూర్వోదాహరణ ఉంది: మావుమావు తిరుగుబాటు కాలంలో హింసకు గురైన 5,228 మంది కెన్యన్లకు 2013లో బ్రిటన్ పరిహారం ఇచ్చి, పార్లమెంటులో విచారం తెలిపింది.