ఇటలీ కంచు, టర్కీ పేరు

ఇటలీలో ఫ్లోరెన్స్‌కి వాయవ్యంగా పిస్తోయా అని ఒక పాత ఊరుంది. తరతరాలుగా చర్చి ఆర్గన్లు కట్టిన ఊరు. అగాతి వాళ్ళు, త్రోంచి వాళ్ళు అని రెండు కుటుంబాలు ఈ పనిలో పేరు మోసినవి. ఆర్గన్ గొట్టాలకి తగరం, సీసం కరిగించాలి, పోత పోయాలి, ఏ పొడవుకి ఏ స్వరం పలుకుతుందో చెవితోనే తేల్చుకోవాలి. అలాంటి పనివాళ్ళున్న ఊరు సింబల్స్, అంటే డ్రమ్స్‌తో పాటు వాయించే కంచు పళ్ళేల తయారీలోకి దిగడంలో వింతేమీ లేదు. గిరాకీ కోసం దూరం పోనక్కర్లేదు కూడా. చిన్న చిన్న పట్నాలకి సైతం సొంత బ్యాండు మేళాలు, పెద్ద ఊళ్ళలో ఒపేరా థియేటర్లు ఉన్న దేశం అది. ఎవరి కొలిమి వాళ్ళదిగా నడిచిన త్రోంచి, జాంకి మొదలైన కుటుంబాలవాళ్ళు 1931లో ఒక్కటై యూఫిప్ అనే కంపెనీ పెట్టుకున్నారు. ఇటలీ సింబల్ తయారీదారుల సంఘం అన్నమాట. ఆ కంపెనీ ఇప్పటికీ ఉంది.

ఇంత చరిత్ర ఉన్నవాళ్ళు ఊరిపేరు గొప్పగా చెప్పుకుని అమ్ముకోవచ్చు కదా? కుదరలేదు. డ్రమ్మర్ల మనసంతా ఇస్తాంబుల్ మీదే. అక్కడి జిల్జియన్ అనే ఆర్మేనియన్ కుటుంబం 1623 నుంచి ఈ పనిలో ఉంది. వాళ్ళలో ఒక శాఖ 1929లో అమెరికాలో ఫ్యాక్టరీ తెరిచింది. జాజ్ వాయించేవాడికి సింబల్ అంటే టర్కీదే, పేరు చివర ఆర్మేనియన్ ఇంటిపేర్లలోలా ‘యన్’ ఉండాల్సిందే. అందుకని ఇటలీ సరుకు మీద జెంజియన్, కాషియన్ లాంటి పేర్లు కొట్టి అమ్మారు. దూరం నుంచి చూస్తే ఏది అసలో ఏది అనుకరణో తెలీదు. దుకాణం దీపాల కింద అయితే దగ్గర్నుంచి చూసినా తెలీదు.

పట్టించింది చట్టం. అమెరికాలోకి వచ్చే సరుకు మీద అది ఏ దేశంలో తయారైందో ఇంగ్లీషులో రాసి ఉండాలని 1930 నాటి సుంకాల చట్టం చెప్పింది. కాబట్టి పెద్ద అక్షరాల్లో టర్కీ వాసన వేసే పేరు, దాని కింద బుద్ధిగా చిన్న అక్షరాల్లో ‘ఇటలీ’. సెకండ్ హ్యాండ్ సింబల్ చేతికొస్తే నేను మొదట వెతికేది ఆ చిన్న ముక్కనే. పేరు వ్యాపారి పెట్టింది, దేశం చట్టం కొట్టించింది. రెంట్లో నేను రెండోదాన్నే నమ్ముతాను.

నేను విజయవాడలో పెళ్ళి ఆర్కెస్ట్రాల్లో జాజ్ డ్రమ్స్ వాయించినవాణ్ణి. ఆ రోజుల్లో మాకు దొరికినవి ఇత్తడి పళ్ళేలే. కొడితే మోగేవి, మోగి అంతలోనే చచ్చేవి. ఇప్పుడు న్యూజెర్సీలో మా అబ్బాయి దగ్గర ఉంటూ వారాంతపు సంతల్లో పాత సింబల్స్ కోసం తిరుగుతుంటాను. వాడు కారు దింపుతూ, “నాన్నా, ఇంట్లో గోడలు అయిపోయాయి” అని ముందే హెచ్చరిస్తాడు.

మొన్న దొరికిన పద్దెనిమిది అంగుళాల జెంజియన్ సంగతి చెబుతాను. అమ్మేవాడు దాన్ని ఒక పాత కుర్చీ మీద బోర్లించి పెట్టాడు. తిప్పి చూస్తే అడుగున చిలుము, పైన తేనెరంగు. మంచి కంచులో రాగి ఎనభై పాళ్ళు, తగరం ఇరవై పాళ్ళు. ఇత్తడిలో తగరం బదులు జింకు. రుద్ది మెరిపించిన ఇత్తడి నిమ్మపండు పసుపులోకి పోతుంది, దీనిది ఎరుపు కలిసిన రంగు. గోటితో అంచు మీద చిన్నగా కొట్టాను. శబ్దం పైకి లేచి, విచ్చుకుని, నిదానంగా తగ్గింది. తర్వాత నడుమ గుబ్బ మీదికి వేళ్ళు పోనిచ్చాను, మేము బెల్ అంటాం. ఒక చేతి బొటనవేలు లోపల, ఇంకో చేతి చూపుడువేలు పైన పెట్టి నొక్కి చూస్తే అక్కడ మందం తెలుస్తుంది, దాన్నిబట్టి తయారీ పద్ధతీ పట్టుకోవచ్చు. టర్కీ పద్ధతిలో కంచు దిమ్మని కాల్చి, రోలర్ల మధ్య మళ్ళీ మళ్ళీ పల్చగా సాగదీసి, ఆ రేకులో గుబ్బని నొక్కి లేపుతారు. పిస్తోయావాళ్ళ పద్ధతి అచ్చుపోత, గుబ్బతో సహా ఆకారం అచ్చులోనే వచ్చేస్తుంది. తర్వాతి కాలంలో యూఫిప్ అచ్చునే గిరగిర తిప్పుతూ కరిగిన కంచు పోయడం మొదలుపెట్టింది. ఆ వేగానికి లోహంలోని గాలి బయటికి పోయి పోత గట్టిపడుతుంది. ఆ తర్వాతే సుత్తి, లేత్.

పేరు చూసి అన్నిటినీ ఇటలీ ఖాతాలో వేయకూడదు. స్తంబుల్, స్టానోపుల్ అన్నవి పైస్తే కంపెనీవి. జిన్, సూపర్ జిన్ ఇంగ్లండులో ప్రీమియర్‌వాళ్ళవి. టర్కీ మోజు ఒక్క ఇటలీవాళ్ళకే సొంతం కాదు. 1970ల నాటి టాస్కో అయితే ఇటలీదే. దాని పేరులో పిస్తోయా ఉన్న టస్కనీ ప్రాంతం పేరే వినబడుతుంది, అప్పటికి కాస్త ధైర్యం వచ్చినట్టుంది.

ధర దగ్గరికొస్తే అన్యాయం కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఇస్తాంబుల్‌లో తయారైన పాత కె జిల్జియన్ రైడ్, అంటే లయ నడిపే పెద్ద సింబల్, మంచి స్థితిలో ఉంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. దాదాపు అదే పాళ్ళ కంచుతో పోసిన జెంజియన్ వంద లోపే దొరుకుతుంది చాలాసార్లు. అలాగని ఇటలీ సుత్తికి ఎప్పుడూ విలువ లేదనుకోవద్దు. అదే పిస్తోయా ప్రాంతంలో ఒంటిచేత్తో సింబల్స్ చేసి 2011లో చనిపోయిన రొబెర్తో స్పిజ్జికీనో పళ్ళెం అమ్మకానికొస్తే డ్రమ్మర్లు ఎగబడతారు. ఆయన తన పేరే కొట్టుకున్నాడు, ఎవరి పేరూ అరువు తెచ్చుకోలేదు.

కాబట్టి నా లెక్క ఇది. మధ్య బెజ్జం గుండ్రంగా ఉందా, స్టాండు రాపిడికి కోలగా అరిగిందా చూస్తాను. కోలగా ఉంటే ధర తగ్గించమంటాను. అంచు వెంబడి గోరు తిప్పుతాను, ఎక్కడ తగులుకుంటే అక్కడ పగులు ఉన్నట్టు. కంచు పెళుసు, ఈ రోజు అరంగుళం ఉన్న పగులు వాయిస్తుంటే పాకుతూనే ఉంటుంది. పగులున్నదాన్ని లోహం బరువు ధరకి తప్ప కొనను. బ్రాసోతో అద్దంలా తోమిందంటే ఇంకా అనుమానం, ముద్ర అక్షరాలు అరిగిపోయి ఉంటాయి, సందుల్లో తెల్లటి పొడి మిగిలి ఉంటుంది. చివరికి సంచిలోంచి వంటింటి కాటా తీస్తాను. ఇరవై అంగుళాల రైడ్ రెండు కిలోలకి అటూ ఇటూ తూగితే చెవికి హాయి. రెండున్నర దాటితే బ్యాండు మేళానికి పనికొస్తుంది, నాకు కాదు. కాలితో ఒకదానికొకటి తగిలించి మోగించే హైహ్యాట్ జత అయితే రెండిటినీ విడివిడిగా తూస్తాను. జత అని అమ్మేవాటిలో పైదానికీ కిందదానికీ అసలు పరిచయమే లేని సందర్భాలు బోలెడు. అప్పుడు రెండూ వేర్వేరు అని చూపించి, ఒక్కదాని ధరకి రెండూ అడుగుతాను. సగంసార్లు ఇస్తారు.