కంప్యూటరు లెక్కను దిద్దిన కథ



పూర్వము కరణముగారి లెక్కలో సర్వే నంబరు తప్పుపడినచో, కన్నులయెదుటనున్న పొలమే తాలూకా కచేరీలో లేనిదగుచుండెను. భూమియందు దోషము లేదు, దోషము వ్రాతయందే. ఇట్టి చిక్కు కంప్యూటరునకును వాటిల్లినది. ఆ చరిత్రమును నేడు మనవిచేసెదను.

కంప్యూటరును నిర్మించువారు దానిలోపల ఫర్మ్‌వేరు అను మూలవ్రాత నమర్చి పంపుదురు. బ్యాటరీ నెట్లు కనుగొనవలెను, ఫ్యాను నెప్పుడు తిప్పవలెను, యంత్రము నెట్లు నిద్రపుచ్చి లేపవలెను అను సంగతులు అందలి పట్టికలలో నుండును. యంత్రమును నడపు ఆపరేటింగ్ సిస్టము వానిని నమ్మియే వ్యవహరించును. 1996 డిసెంబరులో ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు ఈ పట్టికలకు ఏ.సీ.పీ.ఐ. అను నిబంధనమును ప్రకటించినవి. వానిలో డీ.ఎస్.డీ.టీ. యనునది ముఖ్యము. అందు వివరములేగాక, అమలుజరుపవలసిన ఆజ్ఞలును గలవు.

నిబంధనము చక్కనిదే, వ్రాతలో తప్పులు దొరలెను. పెక్కు యంత్రముల పట్టికలు విండోసుతో మాత్రమే పరీక్షింపబడి అంగడికి వచ్చినవి. లినక్సు వాడువారికి కొన్నింట బ్యాటరీ కానరాకుండెను. కొన్ని నిద్రించి మరల లేవకుండెను. తయారుచేసినవాడు దిద్దనిచో, సొమ్ము చెల్లించి కొన్నవాని గతి యేమి?

ఉపాయము లేకపోలేదు. పట్టికను వెలికిదీసి, ఐ.ఏ.ఎస్.ఎల్. అను సాధనముతో చదువదగిన రూపమునకు మార్చి, తప్పు సవరించి, మరల యంత్రరూపమునకు దెచ్చెడివారు. అయితే ఆ సవరణను లినక్సు కెర్నెలులోనే యిమిడ్చి, కెర్నెలును మరల నిర్మింపవలసి యుండెను. యంత్రము మేల్కొనునపుడు చదువు ఆరంభపు ఫైలుతో సవరణ నందించు మార్గము 2008లో స్వీకరింపబడి, విడుదలకు ముందే ఉపసంహరింపబడెను. 2013 ఫిబ్రవరిలో వెలువడిన లినక్సు 3.8తో అట్టి మార్గము స్థిరపడెను.

ఇందలి ఔచిత్యమును గమనింపుడు. మూలవ్రాత చెరుపబడదు, జ్ఞాపకములోని ప్రతి మాత్రమే మారును. సవరణ ఫైలును తొలగించి యంత్రమును మరల నారంభించినచో పాత లెక్కయే వచ్చును. అదియుగాక, పట్టిక మార్చబడినదని తెలుపుటకు కెర్నెలు ‘ఏ’ అను గురుతు నుంచుకొనును. దిద్దినవాడు దిద్దితినని యొప్పుకొనవలెనుగదా!

అపాయమును లేకపోలేదు. పట్టికలోని ఆజ్ఞలు కెర్నెలు అధికారముతో నడచును గనుక, దుర్మార్గుడు దొంగపట్టికను జొప్పించినచో యంత్రమంతయు వానివశమగును. అందుచేత 2019లో వెలువడిన లినక్సు 5.4లో లాక్‌డౌన్ అను కట్టుబాటు చేరెను. అది అమలులోనున్నపుడు ఇట్టి మార్పు చెల్లదు.

తప్పులెక్కను దిద్దుకొను హక్కు సొంతదారున కుండవలెను. దొంగలెక్క చొరబడకుండ తాళమును ఉండవలెను. ఈ రెంటిని పొసగించుటయే యీ చరిత్రమంతటి సారము.