పెళ్లిపీటలూ, నెలజీతమూ

మన తెలుగు సినిమా స్త్రీకి ఎంత స్వాతంత్ర్యం యిచ్చిందో తెలుసుకోవాలంటే, నాయిక ప్రేమించి పెండ్లాడిందా, పెద్దల నెదిరించిందా అని విచారిస్తే చాలదు. ఆమెకు తిండి ఎవరు పెడుతున్నారు, ఆమె జీతం ఎవరి చేతికి పోతున్నది అని కూడా అడగాలి. ఈ దృష్టితో మూడు చిత్రాలను పరిశీలిస్తాను.

1939లో వచ్చిన 'వరవిక్రయం' కాళ్లకూరి నారాయణరావుగారి నాటకానికి చిత్రరూపం. కట్నాల బేరం భరించలేక కాళింది ప్రాణం తీసుకుంటుంది. చెల్లెలు కమల పెండ్లాడి, డబ్బిచ్చి కొన్న వరుడే తన యింటికి రావాలని, సంతను సంత న్యాయంతోనే ఓడిస్తుంది. సంస్కరణోద్యమం వెండితెరకు అందించిన పదునైన ఆయుధమిది. కాని కమల గెలిచింది పుట్టింటి అండ చూసుకొని. ఆ అండ లేని ఆడపిల్ల గతి ఏమిటన్న ప్రశ్న ఆ చిత్రానికి తట్టలేదు.

1955 నాటి 'మిస్సమ్మ' ఆ ప్రశ్నతోనే మొదలవుతుంది. మేరీ పట్టభద్రురాలు. అప్పు తీర్చాలి, ఉద్యోగం కావాలి. దొరికే ఉద్యోగమేమో దంపతులకే! కనుక మరొక నిరుద్యోగితో ఆలుమగలమని నటించి పంతులమ్మ అవుతుంది. హాలులో మనమంతా నవ్వుతాం. చదువుకున్న స్త్రీకైనా భార్య అన్న ముద్ర వుంటేనే పని దొరుకుతుందన్నది ఆ నవ్వు వెనుక దాగిన నిజం. యింతదూరం వచ్చిన చిత్రం చివర వెనుకంజ వేసింది. మేరీ జమీందారుగారి తప్పిపోయిన కూతురని తేలుతుంది. అప్పు, మతం, ఉద్యోగం, యీ మూడు చిక్కులనూ విప్పింది ఆమె శ్రమ కాదు, పుట్టుక.

1976లో బాలచందర్ తీసిన 'అంతులేని కథ'లో సరితకు అలాంటి నటన అక్కరలేదు. ఆఫీసులో ఉద్యోగం వుంది. ఆ జీతంమీదనే తాగుబోతు అన్నతో సహా యిల్లంతా బతుకుతుంది. ఆమెను ఓర్పుగల దేవతగా కాక, కోపమూ కరకుదనమూ గల మనిషిగా చూపడం ఈ చిత్రం గొప్పతనం. అయినా చివరకు తన పెళ్లిపీటలమీద చెల్లెలిని కూర్చోబెట్టి ఆమె మళ్లీ ఉద్యోగానికే పోతుంది. జీతం వచ్చింది గాని, జీతంమీద హక్కు రాలేదు.

చట్టం నడక కూడా యిలాంటిదే. 'మిస్సమ్మ' వచ్చిన యేడే హిందూ వివాహ చట్టం విడాకుల హక్కునిచ్చింది. ఆ చిత్ర కథానాయకుడు రామారావుగారు ముఖ్యమంత్రిగా వుండగా, 1986 నాటి చట్టం ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు కల్పించింది. కాని అప్పటికే పెళ్లయిన కూతుళ్లను మినహాయించింది. దేశమంతటా కూతుళ్లకు ఆ హక్కు రావడానికి 2005 దాకా ఆగవలసివచ్చింది.

తెరమీద తాళి తెంపి విసిరేసిన ప్రతి నాయికనూ విప్లవమూర్తి అని మురిసిపోవడం సులభం. మర్నాటి నుంచి ఆమె యింటి అద్దె ఎవరు కట్టారో చూపిన చిత్రాన్నే నేను అభ్యుదయ చిత్రమంటాను.