రై: సముద్రం వదిలి వెళ్లిన రేవు పట్టణం

ఇంగ్లండ్ ఆగ్నేయ మూలన, ఈస్ట్ ససెక్స్ కౌంటీలో గుట్ట మీద వెలసిన చిన్న పట్టణం రై. లండన్‌కు సుమారు 100 కిలోమీటర్ల దూరం. పొద్దున బయల్దేరి మధ్యయుగపు ఊరు, కోట, ఇసుక తీరం చూసుకొని రాత్రికి ఇల్లు చేరాలనుకునేవారికి ఇంతకంటే అనువైన చోటు దక్షిణ ఇంగ్లండ్‌లో అరుదు. రోథర్, బ్రీడ్, టిల్లింగ్‌హామ్ నదులు మూడూ ఈ గుట్ట పాదం దగ్గరే కలుస్తాయి. ఒకప్పుడు ఇక్కడి గోడలకు అలలు తగిలేవి. ఇప్పుడు సముద్రం దాదాపు మూడు కిలోమీటర్ల అవతల ఉంది.

ఈ ప్రాంతపు చరిత్రంతా ఆ మూడు కిలోమీటర్లలోనే ఉంది. మధ్యయుగంలో ఇంగ్లండ్ రాజుకు శాశ్వత నౌకాదళమంటూ ఉండేది కాదు. హేస్టింగ్స్, రామ్నీ, హైత్, డోవర్, శాండ్‌విచ్ అనే ఐదు రేవులు ఏటా 57 ఓడలను 15 రోజుల పాటు రాజసేవకు పంపేవి. బదులుగా పన్ను మినహాయింపులు, సొంత న్యాయస్థానాలు పొందేవి. ‘సింక్ పోర్ట్స్’ అనే ఈ కూటమిలో తర్వాత రై, వించెల్సీ కూడా చేరాయి. 1287లో వచ్చిన పెనుతుఫాను పాత వించెల్సీని కడలిలో కలిపేసింది. అదే తుఫాను, అంతవరకు రామ్నీ దగ్గర సముద్రంలో కలిసే రోథర్ నదిని రై వైపు మళ్లించింది. రామ్నీ రేవు ఎండిపోయింది, రై దశ తిరిగింది. అయితే అదే నదులు తెచ్చిన ఒండ్రు, పచ్చిక కోసం చిత్తడి నేలలకు కట్టలు వేసి మెరక చేసుకోవడం కలిసి కొన్ని శతాబ్దాల్లో రై రేవును కూడా పూడ్చేశాయి. వ్యాపారం పోయిన ఊళ్లో పాత ఇళ్లు కూల్చి కొత్తవి కట్టే స్తోమత తగ్గింది. నేడు యాత్రికులు మెచ్చుకునే అందానికి ఆ లేమి పెద్ద కారణం.

1377లో ఫ్రెంచివారు దాడి చేసి, చాలామటుకు కొయ్యతో కట్టిన ఊరిని తగలబెట్టారు. సెయింట్ మేరీ చర్చి గంటలను పట్టుకుపోయారు. మరుసటి ఏడు రై, వించెల్సీ మనుషులు నార్మండీ మీదికి వెళ్లి ఆ గంటలను వెనక్కి తెచ్చుకున్నారు. చర్చిలో 16వ శతాబ్దపు గడియారం ఇంకా నడుస్తోంది. దాని పొడవాటి లోలకం ప్రార్థన మందిరంలోకే వేలాడుతూ ఊగుతుంది. పాత కోటగోడలో మిగిలిన లాండ్‌గేట్ ద్వారం, 13వ శతాబ్దంలో రక్షణకు కట్టి తర్వాత చెరసాలగా వాడిన ఈప్ర టవర్ కూడా తప్పక చూడదగినవి. గులకరాళ్లు పరిచిన మెర్మెయిడ్ వీధిలో అదే పేరున్న సత్రం ఉంది. 1740ల ప్రాంతంలో, సుంకం ఎగ్గొట్టి సరుకు దించే హాక్‌హర్స్ట్ ముఠా అక్కడే అడ్డా వేసేది. పైన ఉన్న లాంబ్ హౌస్‌లో నవలాకారుడు హెన్రీ జేమ్స్ తన చివరి దశలో చాలా ఏళ్లు నివసించాడు.

మునిగిన ఊరికి బదులుగా ఒకటో ఎడ్వర్డ్ గుట్ట మీద వేయించిన కొత్త వించెల్సీ పక్కనే ఉంది. తిన్నని వీధులు, వాటి కింద ఫ్రాన్సు నుంచి వచ్చే ద్రాక్షసారా నిలవకు తవ్విన రాతి నేలమాళిగలు దాని ప్రత్యేకత. రెండు ఊళ్ల నడుమ, రేవును కాపాడటానికి ఎనిమిదో హెన్రీ కట్టించిన కేంబర్ కోట గొర్రెలు మేసే బయలులో నిలిచి ఉంది. కాపాడవలసిన నీరు దూరం జరగడంతో 1637లో దాన్ని వదిలేశారు. అక్కడికి కాలినడకే దారి.

రోథర్ వెంట ఎగువకు వెళితే బోడియమ్ కోట వస్తుంది. ఫ్రాన్సు యుద్ధాల్లో ధనం గడించిన ఎడ్వర్డ్ డాలిన్‌గ్రిజ్, తీరరక్షణ పేరిట 1385లో రెండో రిచర్డ్ అనుమతి పొంది దీన్ని కట్టాడు. విశాలమైన అగడ్త మధ్య, నాలుగు మూలలా గుండ్రటి బురుజులతో ఉంటుంది. యుద్ధానికా, దర్జాకా అన్నది పండితుల వాదన. ఆ అగడ్త చుట్టూ నడిచినవారికి రెండోదే నిజమనిపిస్తుంది. 1917లో దీన్ని కొన్న వ్యక్తి పేరు తెలుగు పాఠకులకు కొత్త కాదు: బెంగాల్ విభజనతో వందేమాతరం ఉద్యమాన్ని రగిల్చిన వైస్రాయి లార్డ్ కర్జన్. మన దేశంలో 1904 నాటి ప్రాచీన కట్టడాల సంరక్షణ చట్టం కూడా అతని హయాంలో వచ్చిందే. అగడ్తలో నీరు తోడించి, తవ్వకాలు జరిపించి, శిథిలాలను పటిష్ఠం చేయించాడు. 1925లో అతను మరణించాక కోట నేషనల్ ట్రస్ట్ పరమైంది. జనం మీద అతను చేసిన పాలన ఎంత కఠినమో, పాత రాళ్ల మీద అతని శ్రద్ధ అంత నిజమైనది.

లండన్ సెయింట్ పాంక్రస్ నుంచి వేగ రైలులో యాష్‌ఫర్డ్ చేరి, అక్కడ డీజిల్ రైలు మారితే రైకి మొత్తం గంటా పావు ప్రయాణం. హేస్టింగ్స్ వైపు వెళ్లే ఆ రైలుమార్గం 1851లో మొదలైంది.

రై నుంచి బస్సులో కేంబర్ శాండ్స్ వెళ్లవచ్చు. గులకరాళ్ల తీరాలే ఎక్కువైన ససెక్స్‌లో ఇసుక దిబ్బలున్న విశాల తీరమిది. ఆటు సమయంలో నీరు చాలా దూరం వెనక్కిపోయి ఇసుకతిన్నెలు తేలుతాయి. పోటు మొదలైనప్పుడు నీరు ఎదురుగా కాక, తిన్నె వెనకనున్న పల్లంలోంచి ముందు నిండుతుంది. ముందుకు వెళ్లినవారికి వెనక దారి మూసుకుపోయిన సంగతే తెలియదు. 2016 వేసవిలో ఇక్కడ ఏడుగురు ప్రాణాలు కోల్పోయారు. వారిలో ఒకే రోజు చనిపోయిన ఐదుగురు లండన్ నుంచి వచ్చిన యువ మిత్రులు. ఆ తర్వాతే ఇక్కడ వేసవి రక్షకులను నియమించారు. వెళ్లేవారు ఆ రోజు పోటు వేళలు ముందే చూసుకోవాలి. రక్షకులు పాతిన ఎరుపు, పసుపు జెండాల మధ్యే నీళ్లలోకి దిగాలి.