ఎలుక మీద కోపం

ఎలుక మీద కోపంతో ఇల్లు తగలబెట్టుకున్నట్టు అని మనకో సామెత ఉంది. అన్ని సామెతల్లాగే ఇదీ కాస్త పెంచి చెప్పినట్టే అనిపిస్తుంది. ఎంత కోపమొస్తే మాత్రం ఎవరైనా ఇల్లు తగలబెట్టుకుంటారా?

తగలబెట్టారు. 1900 జనవరి 20న, హవాయి దీవుల్లోని హొనొలులులో. అంతకు ముందు నెలలోనే ఆ ఊరి చైనాటౌన్‌లో ప్లేగు బయటపడింది. రోగి ఉన్న ఇంటిని కాల్చేస్తే రోగం కూడా కాలిపోతుందనే నమ్మకంతో అక్కడి ఆరోగ్యాధికారులు ఒక్కో ఇంటికీ నిప్పు పెట్టిస్తూ వచ్చారు. ఆ రోజు గాలి దిశ మారింది. నిప్పురవ్వలు ఎగిరి పక్కనే ఉన్న చర్చి శిఖరం మీద పడ్డాయి. అక్కడినుంచి మంటలు ఎవరి చేతికీ చిక్కలేదు. మొత్తం 38 ఎకరాల బస్తీ బూడిదైంది. చైనీయులు, జపనీయులు, స్థానిక హవాయి ప్రజలు కలిపి 4 వేల మందికి పైగా రోడ్డున పడ్డారు. వాళ్ళను తీసుకెళ్ళి కాపలా ఉన్న శిబిరాల్లో పెట్టారు.

సామెతకీ హొనొలులుకీ ఒక తేడా ఉంది. సామెతలో కోపమొచ్చినవాడూ ఇల్లు పోగొట్టుకున్నవాడూ ఒక్కడే. హొనొలులులో కోపం ఒకరిది, ఇల్లు ఇంకొకరిది. మనిషి ఎలుకను వదిలించుకోవాలని చూసిన చరిత్ర చదువుతూ పోతే ఈ తేడా మళ్ళీ మళ్ళీ ఎదురవుతుంది.

అసలు ఎలుక మన ఇంట్లోకి ఎప్పుడొచ్చింది? గాదెలు వచ్చాక, అంటే వ్యవసాయం మొదలయ్యాక వచ్చి ఉంటుందని చాలాకాలం అనుకున్నారు. అంతకంటే ముందే వచ్చిందట. పశ్చిమాసియాలో సుమారు 15 వేల ఏళ్ళ కిందట నటూఫియన్లు అనే జనం ఉండేవాళ్ళు. పంటలు పండించేవాళ్ళు కాదు, వేటాడి, ఏరుకుని తినేవాళ్ళే. కానీ ఒకచోట ఎక్కువకాలం నిలిచి ఉండటం మొదలుపెట్టారు. ఇజ్రాయెల్‌లోని ఐన్ మల్లాహా దగ్గర వాళ్ళ ఇళ్ళ మధ్య దొరికిన చిట్టెలుకల పళ్ళను పరిశీలించిన శాస్త్రవేత్తలు 2017లో ఒక ముచ్చటైన విషయం బయటపెట్టారు. జనం స్థిరంగా ఉన్న కాలపు పొరల్లో ఇంటి చిట్టెలుకలు ఎక్కువ ఉన్నాయి. మళ్ళీ తిరుగుడు జీవితం పెరిగిన కాలపు పొరల్లో బయట బతికే జాతిది పైచేయి అయింది. మనిషి ఎంత నిలకడగా ఉంటే ఇంటి ఎలుక అంత నిలకడగా ఉంది. అంటే ఎలుక ఎక్కడినుంచో దండెత్తి వచ్చిన శత్రువు కాదు. మనం ఇల్లనే ఒక కొత్త చోటు తయారు చేశాం, అది అందులో కాపురం పెట్టింది.

ఈ సంగతి మన పాతకాలపు ఇళ్ళకి బాగా తెలుసు. ధాన్యానికి గాదె, నేలలో పాతర, పాలూ పెరుగూ వెన్నా అందకుండా దూలానికి వేలాడే ఉట్టి. ఉట్టి అనగానే మనకి కృష్ణుడు గుర్తొస్తాడు గానీ, అది పిల్లినీ ఎలుకనీ చీమనీ దృష్టిలో పెట్టుకుని చేసిన ఏర్పాటు. ఇంగ్లీషులో మౌస్, రాట్ అని రెండు మాటలున్నాయి. మనకి రెండూ ఎలుకలే. మరీ చిన్నదైతే చిట్టెలుక. గట్లూ పునాదులూ తవ్వే పెద్దదైతే పందికొక్కు. ఈ పందికొక్కునే ఇంగ్లీషువాళ్ళు బాండికూట్ చేసుకున్నారు. తర్వాత ఆస్ట్రేలియాలో కనిపించిన, ఎలుక జాతికి సంబంధమే లేని ఒక జంతువుకి కూడా అదే పేరు తగిలించారు. తెలుగు మాట అంత దూరం వెళ్ళింది. ఆ మాట వెనకున్న తెలివిడి మాత్రం వెళ్ళినట్టు లేదు. అది 1896లో బొంబాయిలో తేలిపోయింది.

ఆ ఏడాది సెప్టెంబరులో డాక్టర్ అకాసియో గాబ్రియెల్ వీగాస్ మాండ్వీలో ప్లేగును గుర్తించారు. మాండ్వీ అంటే రేవు పక్కన, ధాన్యపు గోదాముల మధ్య ఉన్న పేట. అక్కడ మనుషుల కంటే ముందు ఎలుకలు చచ్చిపడ్డాయి. దానికి రెండేళ్ళ ముందు, 1894లో, హాంకాంగ్‌లో ప్లేగు క్రిమిని కనిపెట్టిన అలెగ్జాండర్ యెర్సిన్ కూడా చచ్చిన ఎలుకల సంగతి ప్రత్యేకంగా రాశాడు. అయినా బొంబాయి అధికారుల కళ్ళు మనుషుల మీదే ఉన్నాయి. మురికి, చెమ్మ, ఇరుకు, వీటిలోంచి రోగం పుడుతుందనీ మనిషినుంచి మనిషికి పాకుతుందనీ వాళ్ళ లెక్క. కాబట్టి రోగినీ, రోగి ఇంటినీ, ఆ ఇంటివాళ్ళనీ పట్టుకోవాలి.

పట్టుకోడానికి 1897 ఫిబ్రవరిలో ఒక చట్టం చేశారు. అంటువ్యాధుల చట్టం. కొద్ది సెక్షన్ల చిన్న చట్టమే గానీ దాని చేతులు పొడవు. ఇళ్ళల్లోకి చొరబడొచ్చు, ప్రయాణికుల్ని ఆపొచ్చు, అనుమానం ఉన్నవాళ్ళని విడదీసి ఉంచొచ్చు. చాళ్ళ గోడలకి సున్నం కొట్టించారు. వెలుతురు రావాలని పైకప్పు పెంకులు తీయించారు. నివాసానికి పనికిరాదని తేల్చిన ఇళ్ళమీద పెద్ద అక్షరాలు రాశారు. పరుపులూ బట్టలూ వీధిలో వేసి కాల్చారు. పూనాలో సోదాలకి ఏకంగా సైనికుల్నే దింపారు. వాళ్ళు దేవుడి గదుల్లోకీ ఆడవాళ్ళ గదుల్లోకీ వెళ్ళిన తీరుకి ఊరు ఉడికిపోయింది. ప్లేగు అధికారి రాండ్‌ని 1897 జూన్ 22 రాత్రి చాపేకర్ సోదరులు కాల్చారు. స్కూల్లో మనం దీన్ని స్వాతంత్ర్యోద్యమ పాఠంలో చదువుకున్నాం. దాని మొదట్లో ఒక ఎలుక ఉందని ఆ పాఠంలో చెప్పలేదు.

బొంబాయి జనాభాలో దాదాపు సగం కొద్ది నెలల్లోనే నగరం వదిలి పారిపోయింది. ఆ నగరంలో మనవాళ్ళూ ఉన్నారు. నిజాం రాజ్యపు తెలుగు ప్రాంతాలనుంచి పనికోసం వలస వెళ్ళిన కూలీలను అక్కడ కామాఠీలనేవాళ్ళు. వాళ్ళుండే పేట కాబట్టి అది కామాఠీపురా అయింది. పెంకులు తీసేసిన కప్పుల కింద ఉన్నది ఇలాంటి జనమే. ఊళ్ళో పొలమూ ఇల్లూ ఉన్నవాడు రైలెక్కాడు. ఏమీ లేనివాడు ఎక్కడికి పోతాడు?

ఇందులో చేదు నిజం ఏమిటంటే, దారి చూపించే తెలివి అప్పటికే మన దేశంలో ఉంది. హిమాలయాల్లో గఢ్‌వాల్, కుమావూ పల్లెల జనానికి ఎలుకలు వరసగా చచ్చిపడుతున్నాయంటే అర్థం తెలుసు. మూటాముల్లే కట్టుకుని ఊరు ఖాళీ చేసి కొండమీదకి పోయేవాళ్ళు. కారణం ఏమిటని అడిగితే శాస్త్రం చెప్పలేకపోవచ్చు. చేసిన పని మాత్రం సరైనది. కంపెనీ కాలంనుంచీ తెల్ల డాక్టర్ల నివేదికల్లో ఈ సంగతి ఉంది కూడా.

శాస్త్రం చెప్పినవాడు పాల్ లూయీ సైమండ్ అనే ఫ్రెంచి డాక్టరు. ఆయన రాసిన వాటిలో ఒక ఉన్ని ఫ్యాక్టరీ కథ ఉంది. ఒకరోజు పొద్దున పనివాళ్ళు వచ్చేసరికి నేలంతా చచ్చిన ఎలుకలు. వాటిని ఎత్తిపోయమని 20 మంది కూలీలకి పురమాయించారు. మూడు రోజుల్లో వాళ్ళలో 10 మందికి ప్లేగు వచ్చింది. ఆ ఫ్యాక్టరీలోనే ఉన్న మిగతావాళ్ళకి రాలేదు. సైమండ్ ఆలోచన ఎలుక మీదనుంచి ఎలుక ఒంటిమీది గోమారి మీదకి వెళ్ళింది. ఎలుక చచ్చి చల్లబడగానే గోమార్లు దాన్ని వదిలి వెచ్చని ఒళ్ళు వెతుక్కుంటాయి. 1898 జూన్‌లో కరాచీలో, ఒకదాన్నొకటి తాకలేని రెండు ఎలుకలతో ప్రయోగం చేసి రోగం ఒకదాన్నుంచి ఇంకోదానికి గోమార్ల ద్వారా పాకుతుందని చూపించాడు.

ఆయన మాట వెంటనే ఎవరూ నమ్మలేదు. 1905 తర్వాత బొంబాయిలో మళ్ళీ ప్రయోగాలు జరిగితే గానీ విషయం స్థిరపడలేదు. ప్లేగు వచ్చిన ఇళ్ళల్లో గినీపిగ్‌లను బోనుల్లో పెట్టి చూశారు. నేలమీద ఉంచినవాటికి రోగం వచ్చింది. గోమారి ఎగిరినా అందనంత ఎత్తులో వేలాడదీసినవి బతికాయి. మన ఉట్టి సూత్రమే! ఈలోగా దాదాపు పదేళ్ళు గడిచిపోయాయి. దేశంలో 1896తో మొదలైన ఆ ప్లేగు సద్దుమణిగేసరికి కోటి మందికి పైగా చనిపోయారు.

సరే, ఎలుకే కారణమని తెలిశాక అయినా పని సులువైందా? హనోయ్ కథ చూడండి. వియత్నాంని ఏలుతున్న ఫ్రెంచివాళ్ళు తమ పేటలో గొప్పగా భూగర్భ మురుగుకాలవలు కట్టుకున్నారు. ఆ కాలవలు ఎలుకలకి రాజమార్గాలయ్యాయి. 1902లో కూలీలను కాలవల్లోకి దింపి వేటాడించారు. జూన్‌లో ఒక్కరోజే 20 వేలకు పైగా ఎలుకల్ని చంపారు. అయినా తరగలేదు. అప్పుడు జనానికి బేరం పెట్టారు: తోక తెచ్చివ్వండి, ఒక సెంటు తీసుకోండి. తోకలు కుప్పలు కుప్పలుగా వచ్చాయి. కొన్నాళ్ళకి నగరంలో తోక లేని ఎలుకలు తిరుగుతూ కనిపించాయి. తోక కోసి వదిలేస్తే అది పిల్లల్ని పెడుతుంది, ఆ పిల్లలకీ తోకలుంటాయి కదా. ఊరి చివర్లలో ఏకంగా ఎలుకల్ని పెంచుతున్నారని తెలిశాక ఆ పథకం ఎత్తేశారు.

అర్థశాస్త్రంలో దీన్ని తెలివితక్కువ ప్రోత్సాహకాలకి ఉదాహరణగా నవ్వుతూ చెబుతారు. నాకు ఆ నవ్వు సగమే వస్తుంది. కాలవ కట్టించుకున్నది ఒకరు, ఆ కాలవలోకి దిగింది ఇంకొకరు. సెంటు కోసం ఎలుకని పెంచేవాడికి ఆ సెంటు ఎంత అవసరమో కూడా ఆలోచించాలి.

బొంబాయిలో ఆ వరస ఇంకా ఉంది. ముంబయి కార్పొరేషన్‌కి ఎలుకల్ని చంపే రాత్రి ఉద్యోగులున్నారు. చేతిలో టార్చిలైటు, కర్ర. రాత్రికి 30 ఎలుకలు లెక్క చూపించాలి, తగ్గితే ఆ రోజు కూలి దక్కదని పత్రికలు చాలాసార్లు రాశాయి. ఈ ఉద్యోగానికి డిగ్రీ చదివినవాళ్ళు కూడా దరఖాస్తు పెడతారు. ప్లేగు తర్వాత నగరాన్ని బాగుచేయడానికి 1898లో పెట్టిన ఇంప్రూవ్‌మెంట్ ట్రస్టు వెడల్పైన రోడ్లు వేసింది, దాదర్, మాటుంగా లాంటి కొత్త పేటలు కట్టింది. ఆ పనిలో పేదల ఇళ్ళు కట్టినవాటికంటే కూల్చినవే ఎక్కువ. కూల్చిన చాలులోంచి మనిషి పక్క చాలుకి పోయాడు. ఎలుక కూడా అక్కడికే పోయింది. ఇక 1897 చట్టమంటారా, 2020 మార్చిలో కోవిడ్ వచ్చినప్పుడు రాష్ట్రాలన్నీ దుమ్ము దులిపి బయటికి తీసింది దాన్నే. ఆ వేసవిలో కాలినడకన హైవేలు పట్టిన కూలీలని చూసినవాళ్ళకి 1897 రైల్వేస్టేషన్లను ఊహించుకోవడం కష్టం కాదు.

వేరే దారి లేదా అంటే, సూరత్ ఉంది. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు అనగానే లక్షలమంది రైళ్ళకీ బస్సులకీ వేలాడుతూ వెళ్ళిపోయారు. ఆ మరుసటి ఏడు కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు హయాంలో ఆ నగరం చెత్త ఎత్తింది, కాలవలు తీసింది. అధికారులు ఏసీ గదులు వదిలి రోజూ వీధుల్లో తిరిగారు. అక్రమ కట్టడాలు కూల్చేటప్పుడు పెద్దవాళ్ళవీ వదల్లేదు. కొద్దికాలానికే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల జాబితాలోకి ఎక్కింది. అక్కడ గొప్ప మంత్రమేమీ వేయలేదు. ఎలుక తినేదాన్నీ, ఎలుక ఉండేచోటునీ తీసేశారు.

ఇంట్లోనూ అంతే కదా. చిట్టెలుక చిటికెనవేలు దూరే సందులోంచి కూడా వచ్చేస్తుంది. బోను పెడతాం, ఎండుచేప ముక్కో పకోడీయో గుచ్చుతాం, ఒకటి పడుతుంది. సింకు కింద పైపు చుట్టూ ఉన్న కంత అలాగే ఉంటే వారానికి ఇంకోటి వస్తుంది. ఆ కంతని ఇనుప పీచు కుక్కి సిమెంటుతో మూస్తే, బియ్యం డబ్బాకి గట్టి మూత పెడితే, బోను పని సగం తగ్గుతుంది. అపార్ట్‌మెంట్లలో ఇంకో కంత ఉంటుంది, అన్ని అంతస్తుల పైపులూ దిగే డక్టు. అందులోకి పైనుంచి అందరం ఏదో ఒకటి విసిరేస్తుంటాం. ఎలుక కనబడ్డ రోజున అసోసియేషన్ గ్రూపులో మొదటి మెసేజి మాత్రం వాచ్‌మన్ గది శుభ్రంగా ఉందో లేదో చూడమని వస్తుంది.