చీరాల–పేరాల ఉద్యమము: జానపదగానము

ఉద్యమగేయములను పరిశీలించువారు పదములనే గ్రహించి, అవి ప్రజలను చేరిన ప్రదర్శనరీతిని ఉపేక్షించుచున్నారు. ఈ పద్ధతి చాలదనుటకు చీరాల తగిన నిదర్శనమని మేము తలంచుచున్నాము.

చీరాల, పేరాల గ్రామములలో నేతపనివారు అధికసంఖ్యాకులు. ప్రభుత్వము రెంటిని గలిపి మునిసిపాలిటీ చేయగా, సుమారు 4,000 రూపాయల పన్ను 40,000 రూపాయలకు పెరిగెను. మగ్గముపై బ్రతుకువారికి ఇది మోయరాని భారమయ్యెను. 1921 ఏప్రిల్‌లో వేలకొలది ప్రజలు ఇండ్లు విడిచి, ఊరి వెలుపల రామనగరమను పేరున పాకలు వేసికొని, పదునొకండు నెలల కాలము నివసించిరి.

నాయకుడగు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య (1889–1928) ఆనంద కుమారస్వామితో గలిసి నందికేశ్వరుని అభినయదర్పణమును ఆంగ్లీకరించి 1917లో ప్రకటించిన పండితుడు. ఆయనయే జానపదకళలను జాతీయప్రచారమునకు వినియోగించెను. శాస్త్రాభినయము నెఱిగినవాడు జంగము కథ విలువను గూడ నెఱిగెను. ఆయన సేవకదళమునకు రామదండని పేరు. రామకథ వినుచు పెరిగిన నేతగానికి ఊరు విడుచుట వనవాసముగా స్ఫురించుటకు ఈ పేర్లే చాలును. వేరు వ్యాఖ్యానము అక్కఱలేదు.

గోపాలకృష్ణయ్య కారాగారము పాలయ్యెను. 1922లో ప్రజలు మరల ఇండ్లు చేరిరి. ఉద్యమము ఫలింపకున్నను మార్గము నిలిచెను. 1943లో ఏర్పడిన ప్రజానాట్యమండలి బుఱ్ఱకథను కర్షకకార్మికుల పక్షమున నిలిపినది. కావున శ్రామికగేయచరిత్రను వ్రాయువారు గ్రంథముతోపాటు గళమును, గజ్జెను గూడ పరిశీలింపవలెను.